చెంచుల చరిత్ర – బహుస్వర కథనం (నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం)

నిర్వచనం, పరిధి

ఒక సమూహం గతాన్ని ఒకే రచయిత ఒకే వరుసలో చెప్పకుండా, ఆ గతంతో సంబంధమున్న పలువురి మాటల్లో నమోదు చేసి పక్కపక్కన ఉంచే పద్ధతిని బహుస్వర చరిత్ర అంటారు. ఇందులో ప్రధాన స్థానం ఆ సమూహానికి చెందినవారి సొంత అనుభవ కథనాలది. శాసనం, సర్కారు రికార్డు, యాత్రికుడి రాత, గుడి ఆచారం, పాట, వంశవృక్షం, కోర్టు వాంగ్మూలం ఇవన్నీ ఆధారాలే. వీటి మధ్య తేడా వచ్చినప్పుడు ఒకదాన్ని ఉంచి మిగిలినవి కొట్టివేయడం ఈ పద్ధతి కాదు. తేడా ఎందుకు వచ్చిందో చెప్పడం దీని పని.

ఈ వ్యాసం నల్లమల చెంచుల చరిత్రకు, ప్రత్యేకించి నంద్యాల జిల్లాలోని అహోబిలం, ఆళ్లగడ్డ, ఆత్మకూరు, శ్రీశైలం పరిసరాలకు పరిమితం. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లా ఏర్పడింది. అంతకు ముందటి రికార్డుల్లో ఈ ప్రాంతమంతా కర్నూలు జిల్లాగానే కనిపిస్తుంది.

చెంచులు (సంక్షిప్త పరిచయం)

చెంచులు కృష్ణకు ఇరువైపులా నల్లమలలో నివసించే ఆదివాసులు. మాతృభాష తెలుగు. వేట, గడ్డలు తవ్వుకోవడం, తేనె, బంక, కుంకుడుకాయల వంటి అటవీ ఫలసాయం సేకరణ వీరి పాత జీవనాధారాలు. నివాసాలను గూడేలనీ, తెలంగాణ వైపు పెంటలనీ పిలుస్తారు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చెంచుల సంఖ్య 64,227, 2001లో 49,232. కేంద్ర ప్రభుత్వం 1970లలో వీరిని ఆదిమ గిరిజన సమూహంగా గుర్తించింది. ఇప్పుడు ఆ వర్గాన్ని ప్రత్యేకించి దుర్బల గిరిజన సమూహాలు అంటున్నారు. చెంచుల కోసమే శ్రీశైలం కేంద్రంగా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పనిచేస్తోంది.

రాతలో చెంచులు: కాలక్రమం

అహోబిలం అడవిలో మనుషులున్నారని చెప్పే పాత రచనల్లో ఒకటి తెలుగులో లేదు, తమిళంలో ఉంది. తిరుమంగై ఆళ్వార్ ఈ క్షేత్రాన్ని సింగవేళ్‌కున్రం పేరుతో పది పాశురాల్లో కీర్తించాడు. ఆయన కాలాన్ని సాధారణంగా 8, 9 శతాబ్దాలుగా లెక్కిస్తారు. ఆ పాశురాల్లో విల్లు చేతబట్టిన వేటగాళ్లు, బాటసారుల బిడారులను కొట్టే అలజడి, డప్పుల మోత ఉన్నాయి. వారు ఏ తెగవారో ఆళ్వార్ చెప్పలేదు. కొండకు చేరడమే కష్టమన్న భక్తుడి భయం మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. అడవిలో ఉన్నవారి వైపు నుంచి ఒక్క మాటా లేదు. తర్వాత వెయ్యేళ్ల రాతలో చాలా భాగానికి ఈ లక్షణమే కొనసాగింది.

1398 ప్రాంతంలో ఆదివన్ శఠకోప యతీంద్ర మహాదేశికన్ అహోబిల మఠాన్ని స్థాపించినట్లు మఠ సంప్రదాయం చెబుతుంది. 1515 చివరలో కళింగ దండయాత్ర సందర్భంగా శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించినట్లు శాసనం ఉంది. శాసనాలు దానాలనూ దాతలనూ చెబుతాయి. గుడి చుట్టూ ఉన్న అడవి మనుషుల సంగతి వాటికి పట్టదు. చెంచులు రాతలోకి వచ్చింది మరో దారిన, నరసింహుడు చెంచు పిల్లను వలచి పెళ్లాడిన కథ ద్వారా. మఠం ఏడవ పీఠాధిపతి రాసిన వాసంతికా పరిణయం అనే సంస్కృత నాటకానికి ఇదే ఇతివృత్తం. తెలుగులో గరుడాచలం అనే యక్షగానం కూడా ఈ కథే. (చూ. చెంచులక్ష్మి)

1800 తర్వాత కల్నల్ కాలిన్ మెకంజీ సిబ్బంది ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించారు. వాటిలో ఊరి కరణాలు, పూజారులు చెప్పిన సంగతులే ఎక్కువ. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తొలగించి ఈస్టిండియా కంపెనీ ఈ రాజ్యాన్ని స్వాధీనం చేసుకున్నాక, మద్రాసు సైన్యాధికారి న్యూబోల్డ్ 1840లలో చెంచుల మీద ఒక వ్యాసం ప్రచురించాడు. 1886లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి కూర్చిన కర్నూలు జిల్లా మాన్యువల్, 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు–తెగల గ్రంథం ఆ దారిలోనివే. ఈ రచనల్లో శరీర కొలతలు, ఆచారాలు, ‘అలవాట్లు’ ఉంటాయి. వివరాల మట్టుకు అవి ఇప్పటికీ పనికొస్తాయి. మాట్లాడిన చెంచు ఎవరు, ఏ గూడెం, ఎవరి ఎదుట చెప్పాడు అన్నది మాత్రం దాదాపు ఎక్కడా ఉండదు.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ పని మరో మలుపు. వియన్నాలో పుట్టిన ఈ మానవశాస్త్రజ్ఞుడు రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి భారతదేశంలో ఉన్నాడు. శత్రుదేశ పాస్‌పోర్టు ఉన్నందున హైదరాబాద్ రాజ్యం దాటి పోరాదన్న ఆంక్ష పడింది. ఆ ఆంక్షే ఆయన్ను 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచుల మధ్యకు చేర్చింది. ఫలితంగా 1943లో చెంచుల మీద తొలి సమగ్ర గ్రంథం వచ్చింది. అందులో వ్యక్తులు పేర్లతో, బంధుత్వాలతో, తగవులతో కనిపిస్తారు. దశాబ్దాల తర్వాత మళ్లీ వచ్చి చూసిన మార్పులను 1982 నాటి గ్రంథంలో చర్చించాడు. ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. కృష్ణకు ఉత్తరాన నిజాం పాలన, దక్షిణాన మద్రాసు ప్రభుత్వం. బంధువులే అయిన రెండు గట్ల చెంచుల చరిత్ర రెండు వేర్వేరు దఫ్తరాల్లోకి పోయింది. ఆయన పునాది పరిశోధన ఉత్తర గట్టుది. దాన్ని అహోబిలం, ఆత్మకూరు గూడేలకు యథాతథంగా అన్వయించడం తర్వాతి రచయితలు తరచూ చేసిన పని. దక్షిణ గట్టు సంగతులకు 1948లో ఎ. అయ్యప్పన్ మద్రాసు రాష్ట్రపు ఆదిమ తెగల మీద సమర్పించిన నివేదిక చూడాలి.

పారువేట: ఒక ఉత్సవం, పలు స్వరాలు

బహుస్వర కథనం ఎలా పనిచేస్తుందో చూడడానికి ఈ ప్రాంతంలో పారువేటకు మించిన ఉదాహరణ లేదు. సంక్రాంతి మరుసటి రోజు కనుమనాడు ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాద వరదుడు ఒకే పల్లకిలో బయలుదేరతారు. సుమారు 40 రోజులపాటు ఆళ్లగడ్డ, రుద్రవరం చుట్టుపక్కల 30కి పైగా ఊళ్లలో తిరుగుతారు. పల్లకి దించే అరుగును తెలుపు అంటారు. పల్లకి ఏ రోజు ఏ ఊళ్లో ఉండాలి, ఎవరు మోయాలి, ఎవరి వాకిట ఆగాలి అన్నవి తరాలుగా వస్తున్న కట్టడి. ఉత్సవం ముగిశాక ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, కల్యాణం. బయలుదేరే వేళ చెంచులు పల్లకి మీదుగా బాణాలు వేయడం ఆచారం.

ఈ బాణానికి ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెబుతారు. పూజారుల మాటలో స్వామి తన కల్యాణానికి భక్తులను స్వయంగా పిలవడానికి బయలుదేరుతున్నాడు. బాణం వేట లాంఛనం. చెంచుల మాటలో నరసింహుడు తమ ఇంటి అల్లుడు. అల్లుడికి మర్యాద చేసే హక్కు, అతనితో పరాచికమాడే హక్కు, అడవి తమదని గుర్తుచేసే హక్కు ఆ బాణంలో ఉన్నాయి. ఊళ్ల రైతులకు అది దేవుడు తమ గడపకు వచ్చే సందర్భం; ఆడబిడ్డలను పుట్టింటికి పిలుచుకునే రోజులు. చరిత్రకారులు ఇందులో అడవి దేవతకూ ఆగమ సంప్రదాయానికీ కుదిరిన ఒప్పందాన్ని చూస్తారు. మరికొందరు పరిశోధకులు అదే ఒప్పందంలో అసమానత కూడా చూపుతారు: పెళ్లికూతురు చెంచులదే, గుడి పెత్తనం మాత్రం చెంచులది కాదు.

అహోబిలంలోని నవనారసింహ క్షేత్రాల్లో దట్టమైన అడవి లోపలున్న పావన నరసింహుడి గుడిని చెంచులక్ష్మి కథతో ముడిపెడతారు. శ్రీశైలంలోనూ ఇటువంటి కథే ఉంది. అక్కడి మల్లికార్జునుడిని చెంచులు చెంచు మల్లన్న అంటారు. వేటకు వచ్చి చెంచు పిల్లను పెళ్లాడిన శివుడిగా చెప్పుకుంటారు. వైష్ణవ క్షేత్రంలోనూ శైవ క్షేత్రంలోనూ చెంచులు తమకు దేవుడితో చెప్పుకున్న చుట్టరికం ఒకటే కావడం గమనించదగిన సంగతి. భక్తి సాహిత్యం ఈ రెండు కథలను వేరువేరుగా చూస్తుంది. గూడెంలో మాత్రం అవి ఒకే కుటుంబపు ముచ్చట్లు.

చెంచులక్ష్మి కథను సినిమా రెండుసార్లు తీసుకుంది. 1943లో ఎస్. సౌందరరాజన్ దర్శకత్వంలో, 1958లో బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో అదే పేరుతో చిత్రాలు వచ్చాయి. రెండో దాంట్లో అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి నాయికానాయకులు. తెలుగు ప్రేక్షకుల మనసులో చెంచు స్త్రీ రూపం చాలావరకు ఈ సినిమాల నుంచి వచ్చిందే. ఆ వేషానికీ గూడెం స్త్రీల అసలు కట్టుబొట్టుకూ పొంతన తక్కువ.

ఉయ్యాలవాడ తిరుగుబాటులో వినిపించని గొంతులు

ఆళ్లగడ్డకు పొరుగున ఉన్న ఉయ్యాలవాడకు చెందిన నరసింహారెడ్డి 1846లో కంపెనీ మీద తిరగబడ్డాడు. కారణం పాళెగాళ్ల భరణాల వివాదం. 1846 జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. 1847 ఫిబ్రవరి 22న అతన్ని కోవెలకుంట్లలో ఉరితీశారు. తలను కోట గుమ్మానికి ఏళ్లతరబడి వేలాడదీశారు. ఈ ఘటనకు మూడు రకాల కథనాలున్నాయి. కంపెనీ ఉత్తరాల్లో అతను బందిపోటు. ఊళ్లలో పాడే కథల్లో వీరుడు. 2019లో వచ్చిన సైరా నరసింహారెడ్డి సినిమాలో జాతీయ స్వాతంత్ర్య యోధుడు. అతని వెంట బోయలు, చెంచులు కూడా నడిచారని చరిత్రకారులు రాస్తారు. నల్లమలలో దాగే చోట్లు, నీటి వసతులు, కనుమ దారులు తెలిసినవారు లేకుండా ఆ అడవిలో ఎవరూ నెలల తరబడి సైన్యాన్ని తప్పించుకోలేరు. అయినా వాళ్లు ఎందుకు చేరారు, తర్వాత వాళ్లకేమైంది అన్న సంగతి మూడు కథనాల్లోనూ అరుదుగానే కనిపిస్తుంది. నాయకుడి చరిత్రగా చెప్పినంతకాలం ఈ లోటు ఉంటుంది. (చూ. పాళెగాళ్లు; రేనాడు)

సొంత కథనాల రకాలు

చెంచుల మౌఖిక ఆధారాల్లో మొదట చెప్పవలసింది వంశకథలు. నిమ్మల, తోకల, ఉడతల, చిగుర్ల వంటి ఇంటిపేర్లకు ఒక్కోదానికి ఒక కథ ఉంటుంది. ఏ ఇంటివారు ఏ ఇంటికి పిల్లనివ్వవచ్చు, ఏ కొండ ఎవరి పాలు అన్నవి ఆ కథల్లోనే ఉంటాయి. అందువల్ల వంశకథ భూమి రికార్డు కూడా. ఏ కుటుంబం ఏ గుట్టన గడ్డలు తవ్వుకునేదో, ఏ చెట్టు మీది తేనె ఎవరిదో పెద్దవాళ్లు తడుముకోకుండా చెబుతారు.

పనికి సంబంధించిన కథనాలు మరో రకం. కొండచరియ మీద పట్టిన తేనె తీయడానికి తీగలతో పేనిన తాడు కట్టుకుని మనిషి కిందికి దిగుతాడు. పైన తాడు పట్టుకునేది తోబుట్టువు కాదు, బావమరిది. తాడు జారితే తన అక్క లేదా చెల్లెలు ముండమోస్తుంది కాబట్టి అతను వదలడని చెంచులు చెబుతారు. ఈ ఒక్క ఆచారంలో బంధుత్వం, ఆస్తి, నమ్మకం, ప్రమాదం అన్నీ ఉన్నాయి. ఎన్ని పట్టికలు వేసినా ఇంత తేటగా చెప్పలేవు.

స్థలనామాలు, చావు పుట్టుకల జ్ఞాపకాలు, దేవతల కొలుపులు కూడా ఆధారాలే. ఇటీవలి జ్ఞాపకాల్లో ఎక్కువ భాగం అడవి చట్టాల చుట్టూ తిరుగుతుంది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత నల్లమల రిజర్వు అడవి అయింది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో అది ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. శ్రీశైలం జలాశయం లోయను ముంచింది. 1990 నుంచి 2000ల మధ్య వరకు నక్సలైటు దళాలకూ పోలీసులకూ నడుమ నలిగిన ఏళ్ల గురించి కొందరు గట్టిగా మాట్లాడతారు, కొందరు మాట్లాడరు. మౌనాన్ని కూడా నమోదు చేయాలని ఈ రంగంలో పనిచేసేవారు అంటారు. అటవీ శాఖ రికార్డులో ఆక్రమణదారుగా ఉన్న మనిషే మరో రికార్డులో పులుల కావలి సిబ్బందిగా కనిపిస్తాడు. నల్లమలలో పులుల జాడ తీయడానికి శాఖ ఆధారపడేది చాలావరకు చెంచు యువకుల మీదే. ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో పర్యాటక శిబిరం నడపడంలోనూ చెంచులున్నారు.

సేకరణ, ప్రదర్శన పద్ధతులు

వాంగ్మూలం సేకరించేవారు అది ఎందుకు, ఎక్కడ భద్రపరుస్తారు, ఎవరు వింటారు అన్నవి ముందే చెప్పి ఒప్పుదల తీసుకోవాలి. చెప్పినవారి మాండలికాన్ని గ్రాంథికంలోకి సవరించకూడదు. ఒకే ఘటనకు రెండు కథనాలుంటే రెండూ ఉంచాలి. రికార్డును చెప్పినవారికి తిరిగి వినిపించి, వద్దన్న భాగం తీసేయాలి. వీటిలో అన్నిటికంటే తరచుగా తప్పేది చివరిది.

గూడేల్లో ఎదురయ్యే చిక్కులు వేరు. వచ్చిన మనిషి సర్కారు ఉద్యోగి అనుకుంటే జవాబు అర్జీలా మారుతుంది: ఇల్లు రాలేదు, రేషన్ అందలేదు. ఆ కోరికలు నిజమైనవే, కానీ చరిత్ర ప్రశ్నకు అవి జవాబు కావు. బయటివారి ముందు మాట్లాడేది సాధారణంగా మగ పెద్దలే. గడ్డలు, మందులు, కాన్పులు, పెళ్లిళ్ల సంగతులు తెలిసిన స్త్రీలు ఆ సభలో ఉండరు. వాళ్లతో విడిగా, అడవి పనిలో ఉన్నప్పుడు మాట్లాడితేనే ఆ చరిత్ర దొరుకుతుంది. సందర్శకుల కోసం తరచూ చెప్పే కథ క్రమంగా నున్నబడుతుంది కూడా. పారువేట గురించి ఇటీవల పత్రికల్లో వచ్చే వివరణలు అన్నీ ఒకే రకంగా ఉండడానికి ఇదొక కారణం.

ప్రదర్శన విషయంలో శ్రీశైలంలోని చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం ఈ జిల్లాలో ముఖ్యమైనది. ఆయుధాలు, వాద్యాలు, దేవతామూర్తులు అక్కడ ఉన్నాయి. హైదరాబాద్‌లో 1963లో ఏర్పడిన గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థకూ మ్యూజియం ఉంది. వస్తువును చూపడం వీటి బలం. వస్తువు వాడినవారి మాటను పక్కన వినిపించడం ఇంకా పెరగవలసిన భాగం. తెలుగు నేల మీద ఇందుకు మంచి నమూనాలు లేకపోలేదు: ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండుల చేతిరాత ప్రతులను గోండుల సహాయంతోనే చదివించిన పని, జయధీర్ తిరుమలరావు బృందం చేసిన జానపద, గిరిజన వాద్యాల సేకరణ ఆ కోవలోనివి. (చూ. గుంజాల గోండి లిపి)

ఇతర చోట్ల

ఆస్ట్రేలియాలో తల్లిదండ్రుల నుంచి వేరుచేసిన ఆదివాసీ పిల్లల మీద 1997లో వెలువడిన నివేదిక బాధితుల వాంగ్మూలాలనే వెన్నెముకగా చేసుకుంది. కెనడా సత్య, సయోధ్య కమిషన్ 2008 నుంచి 2015 వరకు 6,500 మందికి పైగా మాటలు విని 94 సిఫారసులు చేసింది. అంతకు ముందే, 1997లో, కెనడా సుప్రీంకోర్టు డెల్గముక్ కేసులో మౌఖిక చరిత్రను భూమి హక్కుకు సాక్ష్యంగా పరిగణించాలని చెప్పింది. ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటన 2007 సెప్టెంబర్ 13న ఆమోదం పొందింది. భారతదేశంలో గణేశ్ దేవి గుజరాత్‌లోని తేజ్‌గఢ్‌లో నెలకొల్పిన ఆదివాసీ అకాడమీ ఈ దారిలో ముందు నడిచిన సంస్థ.

విమర్శలు

ఈ పద్ధతి మీద రెండు వైపుల నుంచీ అభ్యంతరాలున్నాయి. జ్ఞాపకం మారుతుంది కాబట్టి తేదీలకు, సంఖ్యలకు దాన్ని నమ్మలేమని రికార్డుల చరిత్రకారులు అంటారు. ఇది సరైన మాటే. అయితే రెండు దఫ్తరాల్లో రెండు రకాలుగా ఉన్న రికార్డు కూడా అంతే జాగ్రత్త కోరుతుంది. రెండో విమర్శ ఆదివాసీ రచయితల వైపు నుంచి వచ్చేది, బరువైనది: ఎన్ని గొంతులు చేర్చినా ఎంపిక చేసేది, వరుస పెట్టేది బయటి సంపాదకుడే అయితే పెత్తనం మారలేదు. చెంచులు తమ చరిత్రకు తామే సంపాదకులైన గ్రంథాలు ఇంకా చాలా తక్కువ. గూడేల్లో చదువు ఆలస్యంగా అందడం ఇందుకు ప్రధాన కారణం.

చట్టపరమైన ప్రాముఖ్యం

మౌఖిక చరిత్ర ఈ ప్రాంతంలో పండితుల ఆసక్తిగా మిగిలిపోలేదు. 2006 అటవీ హక్కుల గుర్తింపు చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగల కుటుంబాలు 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో, నివాసంలో ఉన్న అటవీ భూమి మీద హక్కు కోరవచ్చు. ఆ చట్టం మూడో సెక్షన్ ఆదిమ సమూహాలకు తమ సంప్రదాయ ఆవాస ప్రాంతం మీద సామూహిక హక్కును కూడా గుర్తిస్తుంది. చెంచులు ఈ వర్గంలోకి వస్తారు. ఆవాసం ఎంతమేర అన్నది తేల్చాలంటే గూడెం పేర్లు, తేనె చరియలు, కొలుపు స్థలాలు, శ్మశానాలు, పాత బావులు, వంశాల పంపకం తెలియాలి. వీటిలో చాలా భాగం కాగితం మీద లేదు.

ఆ చట్టం కింద వచ్చిన 2008 నియమాల్లో 13వది సాక్ష్యాల జాబితా ఇస్తుంది. ప్రభుత్వ పత్రాలు, గెజిటీర్లు, పరిశోధన సంస్థల అధ్యయనాలతోపాటు పూర్వీకుల వంశక్రమం, పవిత్ర స్థలాల వంటి భౌతిక ఆనవాళ్లు, దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం అందులో ఉన్నాయి. హక్కును తేల్చేటప్పుడు గ్రామసభ, ఆపై కమిటీలు వీటిలో ఒకటికి మించిన సాక్ష్యాన్ని పరిగణించాలి.